మీసాల లిల్లీ

పువ్వుకీ రేకులే, మా షాపుకీ రేకులే. ఎండకి పువ్వు రేకులు వాడిపోతాయి. షాపు రేకుల కింద మేం వాడిపోతాం. మా మామగారు ఆ పైకప్పు వేయించినప్పుడు "తాత్కాలికం" అన్నారట. ఆయన శాశ్వతంగా వెళ్ళిపోయారు. రేకులు మాత్రం తాత్కాలికంగా ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయన తరవాత షాపు మా ఆయన చేతికొచ్చింది, మా ఆయన తరవాత నా చేతికి. చేతులు మారాయి కానీ కత్తెర మారలేదు.

నాకు నోరు పెద్దదని బజారంతా చెప్పుకుంటుంది. నిజమే. పూలు మాట్లాడవు, మా ఆయనా మాట్లాడేవారు కాదు. షాపన్నాక ఎవరో ఒకరు మాట్లాడాలి కదా! అందుకని అందరి వాటా నేనే మాట్లాడేదాన్ని. అంత నోరున్న నాకు, తీరా మాట్లాడాల్సిన చోట, నోరు పెగల్లేదు.

అది మా ఆయన పోయిన రోజు.

ఆయన పక్కన పెట్టే పూలచక్రం నేనే కట్టాను. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తోటమాలి ఆ తెల్లవారుజామునే కోసి, మంచు ఆరకముందే పంపించిన తెల్లగులాబీలు. మామూలుగా ముళ్ళు తీసేటప్పుడు తొడుగులు వేసుకుంటాను. ఆ రోజు వేసుకోలేదు. ముళ్ళు గుచ్చుకున్న సంగతి తరవాత వేళ్ళు కడుక్కుంటుంటే తెలిసింది. బతికున్నప్పుడు ఆయనతో ఇరవై రకాలుగా వాగాను కానీ, ఆఖరిమాట మాత్రం చేత్తోనే చెప్పాను. ఆ చక్రమే ఆ మాట.

అప్పుడు మా వదిన వచ్చింది. మా ఆయనకి స్వయానా అక్క. వెనకాల ఆవిడ క్లబ్బు స్నేహితురాళ్ళు, అందరికీ ఒకే రకం నల్లకళ్ళద్దాలు, గుంపుగా కంటి ఆపరేషనుకి బయల్దేరినట్టు. వదిన చక్రం దగ్గర ఆగింది. వంగింది. ఒక గులాబీని అడుగున, పచ్చగా ఉండే చోట, రెండు వేళ్ళతో నొక్కింది. నిటారుగా నిలబడి, గదిలో ఉన్న అందరికీ వినపడేలా అంది:

"షాపులో మిగిలినవి తెచ్చి పెట్టినట్టుంది."

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో జాలిగా నావైపు చూశారు. మొగుడికి మిగిలిపోయిన పూలు తెచ్చిన ఇల్లాలిని చూసినట్టు. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గులాబీ తాజాదో కాదో రేకులు చూస్తే తెలియదు. రేకులు మొహమాటస్తులు, చివరిదాకా నవ్వుతూనే ఉంటాయి. అడుగున నొక్కాలి. గట్టిగా ఉంటే ఈ రోజుది, మెత్తబడితే నిన్నటిది. ఇది పూలషాపులో పెరిగినవాళ్ళకి వేళ్ళలోనే ఉంటుంది. మా వదిన పెరిగింది పూలషాపులోనే. మా షాపులోనే! మామగారి పెద్దకూతురు కదా. అంటే నొక్కి చూసింది. గట్టిగా ఉందని తెలుసుకుంది. తెలుసుకుని మరీ అంది.

ఎందుకంటే పెద్దింటి కోడలయ్యాక ఆవిడ పుట్టిల్లు మారిపోయింది. "మా నాన్నగారిది ఎగుమతుల వ్యాపారం" అని చెప్పుకుంటుంది. ఒక రకంగా నిజమే. మా షెడ్డులోంచి వీధి చివరిదాకా దండలు ఎగుమతయ్యేవి. ఆ కళ్ళద్దాల వాళ్ళ ముందు ఈ షాపుతో తనకేమీ సంబంధం లేదనిపించుకోవాలి. దానికి తమ్ముడి పక్కన పెట్టిన పూలే దొరికాయి.

పగని పాముతో పోలుస్తారు. పామేం చేసింది పాపం! నన్నడిగితే పగ చామంతి. మల్లె సాయంత్రం విచ్చి తెల్లారేసరికి తేలిపోతుంది. గులాబీ నాలుగు రోజులు నిలబడి తల వాలుస్తుంది. చామంతి అలా కాదు; రోజూ కాడ చివర కత్తిరించి, నీళ్ళు మారుస్తూ ఉంటే వారాల తరబడి తల దించదు. నేను రోజూ నీళ్ళు మార్చాను.

*

వసంతం చివర్లో, ఫ్యాను కూడా వేడిగాలే వడ్డిస్తున్న ఒక ఉదయం, షాపు ముందు కారు ఆగింది. ముందు వదిన కూతురు, మా మేనకోడలు, దూకింది.

"అత్తా! పెళ్ళి పూలన్నీ నువ్వే! ఇంకో షాపు పేరెత్తితే పెళ్ళే చేసుకోనని చెప్పేశాను."

"మంచి పని చేశావే. నా బేరం కోసం నీ బతుకు పణం పెట్టావా?"

అది నా మెడ పట్టుకుని ఊగింది. మామయ్య అంటే దానికి ప్రాణం. చిన్నప్పుడు సెలవులొస్తే ఈ బకెట్ల మధ్యే దాక్కునేది. దాని వెనక మా వదిన దిగింది, తడినేల మీద చెప్పులు ఆనీ ఆననట్టు. ఆవిడ వెనక కాబోయే వియ్యపురాలు, నిండుగా, నవ్వుమొహంతో.

"ఇదేనండీ, మా తమ్ముడు సరదాగా పెట్టుకున్న షాపు," అంది వదిన వియ్యపురాలితో. "మంచి ఉద్యోగం చూసుకోరా అంటే విన్నాడు కాదు. పూలంటే పిచ్చి వాడికి."

సరదా! చలికాలం పొద్దున్నే నీళ్ళలో చేతులు నానబెట్టి వేళ్ళు పగిలిన సరదా. మేనకోడలు నావైపు చూసి కళ్ళతోనే 'అమ్మ చెప్పొద్దంది' అంది. అర్థమైంది. తాతగారు ఇంకా ఎగుమతుల్లోనే ఉన్నారన్నమాట.

"రండి వదినా, కూర్చోండి. ఆ బకెట్టు మీద కాదు, అది అంత సరదాగా ఉండదు."

వియ్యపురాలు చటుక్కున స్టూలు లాక్కుని కూర్చుంది. గుండెల నిండా గాలి పీల్చింది. "అబ్బబ్బ! ఈ వాసనుంటే ఇంక అన్నం అక్కర్లేదమ్మా."

"అన్నం మానకండి. ఇక్కడ పూలు కూడా మేత లేనిదే నిలబడవు."

ఆవిడ పకపకా నవ్వింది. నాకు ఆ మనిషి నచ్చింది. నచ్చకూడదనుకున్నాను, అయినా నచ్చింది.

వదిన నిలబడే ఆర్డరు మొదలుపెట్టింది. "హాలంతా తెల్ల ట్యూలిప్‌లు ఉండాలి."

"ట్యూలిప్ చలి పువ్వు వదినా. ఈ ఎండలో హాలుకి చేరేలోపే మెడ వాల్చేస్తుంది. పెళ్ళికొచ్చిన చుట్టాలు నిద్రపోయినా ఫరవాలేదు కానీ పూలు కునుకు తీస్తే బావుండదు."

"అయితే తెల్ల చామంతులు."

"వాటి కాలం దాటిపోయింది. ఒక్క చామంతి ఉంది నా దగ్గర. అది అమ్మకానికి కాదు."

"ఎక్కడత్తా?" మేనకోడలు చుట్టూ చూసింది.

"లోపల ఉందిలే."

"అమ్మా, ఈ కాలంలో పూసేవే పెడదాం," అంది పిల్ల. "మామయ్య ఏమనేవాడు? కాలం కాని పువ్వూ, పిలవని చుట్టం ఒకటే. రెండిటికీ సేవలు ఎక్కువ, నవ్వు తక్కువ."

"నాకు నచ్చిందమ్మా ఆ మాట!" అంది వియ్యపురాలు. ఇంక వదినకి ఒప్పుకోక తప్పలేదు.

అలా పూలు ఏరడం మొదలైంది. ద్వారానికీ వేదికకీ మల్లె, సన్నజాజి తీగలు. ఎండాకాలం గుమ్మంలో నిలబడితే మల్లెని మించిన మొనగాడు లేడు. సాయంత్రం పెళ్ళి కాబట్టి మొగ్గలు కట్టి పంపితే హాల్లోనే విచ్చుకుంటాయి. బల్లల మీద లేతరంగు గులాబీలు. పెళ్ళికూతురి చేతిలో పట్టుకునే గుత్తి దగ్గర మాత్రం పిల్ల ఆగిపోయింది.

"మామయ్య నా పుట్టినరోజుకి ఇచ్చేవాడే, పెద్ద తెల్లపువ్వు, బాకా లాంటిది. అది కావాలి."

లిల్లీ. దండల్లో గుచ్చే సన్న లిల్లీ కాదు. చేతివెడల్పున విచ్చుకుని, గది మొత్తానికి తానే పెళ్ళికూతురినన్నట్టు నిలబడే లిల్లీ. బకెట్టులోంచి ఒక కొమ్మ తీసి పట్టుకున్నాను.

"ఇదేం పువ్వు?" అంది మా వదిన.

అడిగిందెవరు? మా వదిన!

లిల్లీ మధ్యలో సన్నటి కాడల చివర పుప్పొడి సంచులు వేలాడుతుంటాయి. మా షాపులో వాటిని మీసాలంటాం. పువ్వు విచ్చీ విచ్చగానే వేళ్ళతో గిల్లి తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే పగిలి, ఇటుకపొడి రంగులో పుప్పొడి రాలుతుంది. అది బట్టకి అంటితే పొడిగా ఉన్నప్పుడే జిగురుటేపుతో అద్ది ఎత్తెయ్యాలి. చుక్క నీరు తగిలిందా, బట్ట చిరిగినా మచ్చ చిరగదు. "పెళ్ళికెళ్ళే లిల్లీ గడ్డం గీసుకుని వెళ్ళాలి" అనేవారు మామగారు. ఆ రోజుల్లో మీసాలు తీసే పని ఇంట్లో ఎవరిదనుకున్నారు? వదినదే! "మా అక్క వేళ్ళు ఎప్పుడూ ఇటుకరంగులో ఉండేవి, బళ్ళో పిల్లలు ఏడిపించేవాళ్ళు" అని మా ఆయన ఎన్నిసార్లో చెప్పారు.

ఆ మనిషి ఇప్పుడు, ఇదేం పువ్వు అని అడుగుతోంది. అడుగుతూ, తనకే తెలియకుండా, పక్క బకెట్లో గులాబీని అడుగున నొక్కి చూస్తోంది. నోరు మరిచిపోయింది. వేళ్ళు మరిచిపోలేదు.

అదిగో, అప్పుడు తట్టింది నాకు.

"దీన్ని లిల్లీ అంటారు వదినా," అన్నాను, బడిలో వేసిన మొదటిరోజు పిల్లకి చెప్పినట్టు.

"ఓహో," అంది వదిన.

"మీ భుజం మీద పిన్నుతో పెట్టుకోవడానికి కూడా ఇదే చేస్తాను. పెళ్ళికూతురి తల్లి కదా, దూరం నుంచి చూసినా తెలియాలి."

"పెద్దదిగా ఉండాలి. అందరికన్నా..." వియ్యపురాలు వింటోందని గుర్తొచ్చి సర్దుకుంది. "అందరికీ ఉన్నట్టే. కాస్త పెద్దది."

"మీసం మెలేసినంత దర్జాగా ఉంటుంది వదినా, చూడండి."

ఆ మాటకి ఆవిడ కనుబొమ ఒకటి లేచి కూర్చుంది. నేను లిల్లీ వంక చూస్తూ ఉండిపోయాను.

"ఇంతకీ ఏ రంగు బట్టలు వేసుకుంటున్నారు?"

"పాలమీగడ రంగు పట్టు. చెప్పి నేయించాను."

పాలమీగడ! నా నాలుక మీద వెన్న రాసినట్టయింది.

చూశారా, ఎంత అందంగా కుదిరిందో! ఆ పువ్వుకి మీసాలుంటాయి. ఆవిడ చూసీ చూడగానే పోల్చుకుంటుంది. కానీ పక్కన వియ్యపురాలుంటుంది. 'మీసాలు తీయండి' అందా, ఎగుమతుల వారి అమ్మాయి కాస్తా పూలషాపు పిల్ల అవుతుంది. అనలేదా, పాలమీగడలో ఇటుకపొడి పడుతుంది. చెవిలో పువ్వు ఎవరైనా పెడతారు. నేను భుజం మీద పెట్టబోతున్నాను.

పట్టు పాడవడం నాకు ముఖ్యం కాదు. కాదు అంటే, కొంచెం ముఖ్యమే. అసలు కావలసింది ఒక్క మాట. మచ్చ పడ్డాక టేపు కోసం ఆవిడ నా దగ్గరికే రావాలి. వచ్చినప్పుడు అడుగుతాను: 'ఆ రోజు మా ఆయనకి పెట్టినవి మిగిలిన పూలేనా?' అని. ఎంతమంది ముందు అందో అంతమంది ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అప్పుడిస్తాను టేపు.

*

లిల్లీలు మొగ్గల్లోనే దిగాయి. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, ఒక్కొక్కటీ పెదవి విప్పగానే మీసాలు గిల్లేశాను. పెళ్ళికూతురి గుత్తిలోవి ఒకటికి నాలుగుసార్లు చూశాను, ఆఖరికి తెల్లకాగితం మీద దులిపి కూడా చూశాను. మా ఆయన మేనకోడలి బట్టల మీద పొడి రాలితే ఆయన ఫోటో నాతో మాట్లాడదు. బతికున్నప్పుడు కూడా మాట్లాడలేదనుకోండి, ఆ మౌనం వేరు.

ఒక్క పువ్వుకి మాత్రం మీసాలుంచాను. ఉంచడమేమిటి, పెంచాను. ఎండ తగిలేలా కిటికీ దగ్గర పెట్టి, పగిలి పొడి పండే దాకా ముద్దుగా చూసుకున్నాను.

పెళ్ళిరోజు సాయంత్రం హాలు పక్కగదిలో పిల్లని కలిసి గుత్తి చేతికిచ్చాను. నేల మీద జీరాడే తెల్లటి బట్టల్లో అది వెలిగిపోతోంది.

"ఇదిగో, ఒక్క మాట. పెళ్ళి అయ్యేదాకా మీ అమ్మని కౌగిలించుకోకు."

"ఎందుకత్తా?"

"భుజం మీద పువ్వు నలుగుతుంది."

"అమ్మని కౌగిలించుకుని ఎన్నేళ్ళైందో నాకే గుర్తు లేదు," అంటూ నవ్వేసింది. ఆ నవ్వు నాకేదోలా అనిపించింది. అప్పుడే ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు.

వదిన అద్దం ముందు నిలబడి ఉంది, వియ్యపురాలు పక్కనే. నేను పెట్టె మూత తీశాను. వదిన పువ్వుని చూసింది. ఆవిడ మొహంలో రంగు దిగడం, అద్దంలోనూ బయటా, రెండుచోట్లా చూశాను.

"ఇది... ఇలాగే పెట్టుకుంటారా?"

"ఎలాగ వదినా?"

"అదే. మధ్యలో... ఇవన్నీ ఉండగా..."

"ఏవి వదినా?"

వియ్యపురాలు తొంగిచూసింది. "అబ్బ, ఎంత బావుందో! బుట్టకమ్మల్లా వేలాడుతున్నాయి, వాటినేమంటారమ్మా?"

"మా వదిన చెబుతారు. ఏమంటారు వదినా?"

వదిన నన్ను చూసింది. ఆ చూపు బట్టకి తగిలితే టేపుతో కూడా పోదు.

"నాకేం తెలుసు?" అంది పళ్ళ బిగువున. "పూల సంగతి నాకేం తెలుస్తుంది?"

"అవును కదూ!" అన్నాను. పిన్ను గుచ్చాను. బట్టకే గుచ్చాను, ఒట్టు.

అక్కణ్ణుంచి మా వదిన నడక చూడాలి! నిండు బిందె భుజాన పెట్టుకున్నట్టు, మెడ అటు తిప్పుకుని, ఊపిరి కూడా పక్కకి వదులుతూ నడిచింది. ఆవిడ అత్తగారి వైపు ముసలావిడ ఒకరు ఆప్యాయంగా చేతులు చాస్తే, వెనక్కి వెనక్కి వెళ్ళి కుర్చీని కౌగిలించుకుంది. "కూతురి పెళ్ళి కాకముందే ఎంత గర్వం!" అన్నారు ఎవరో. మల్లెతీగల పక్కన నిలబడి నేను అన్నీ వింటున్నాను. టేపు చుట్ట జేబులో ఉంది.

ఫోటోగ్రాఫరు నా పని సులువు చేశాడు. "అమ్మలిద్దరూ కొంచెం దగ్గరికి జరగండి" అన్నాడు. వదిన జరగలేదు. "అయ్యో, సిగ్గెందుకు వదినగారూ!" అంటూ వియ్యపురాలు ఆవిడ భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

పాలమీగడ మీద ఇటుకగీత పడింది. భుజం నుంచి గుండెదాకా.

వదిన చూసుకుంది. తరవాత హాలంతా వెతికి నన్ను చూసింది. నేను పైకప్పు చూశాను. మంచి పైకప్పు. రేకులు కావు.

రా వదినా, రా. వచ్చి టేపు అడుగు.

రాలేదు! రుమాలు తీసి భుజం మీద కప్పుకుని, ముందువరసలో రాయిలా కూర్చుంది. పట్టు పోయినా పట్టు వదలదు, అదీ మా వదిన.

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పెళ్ళి రిజిస్టరులో సంతకాలు పెట్టారు. చప్పట్లు మోగాయి. పిల్ల గిరుక్కున తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. నేను చెప్పింది ఆ నీళ్ళలో ఎప్పుడో కొట్టుకుపోయింది. రెండు చేతులూ చాచి, తెల్లబట్టలు పైకి పట్టుకోకుండానే, "అమ్మా!" అని పరుగెత్తింది. ఎన్నేళ్ళ తరవాతో.

నా గుండె కాడ దగ్గర తెగింది. టేపు చేత్తో పట్టుకుని నేనూ పరుగెత్తాను. కానీ నేను ద్వారం దగ్గరున్నాను. అందుకోలేనని నాకు తెలిసిపోతోంది.

వదిన కుర్చీలోంచి లేచి, కూతుర్ని ఆపడానికి రెండు చేతులూ ముందుకు పెట్టి, ఏ క్లబ్బులోనూ వినపడని గొంతుతో, పూలబజారు గొంతుతో అరిచింది:

"ఆగవే! దగ్గరికి రాకు! మీసాలున్నాయి!"

పెళ్ళికొడుకు అనుమానంగా పైపెదవి తడుముకున్నాడు.

పిల్ల జానెడు దూరంలో ఆగింది. వదిన భుజం మీది రుమాలు జారింది. "అయ్యో వదినగారూ, ఇంత మచ్చా!" అంటూ వియ్యపురాలు బల్ల మీది గ్లాసులో చేతిగుడ్డ ముంచి పరుగున వచ్చింది.

"నీళ్ళు వద్దు! నీళ్ళు తగిలితే చచ్చినా పోదు! టేపు కావాలి, టేపు! ఏమే, ఎక్కడ చచ్చావ్? మీసాలు తియ్యకుండా లిల్లీని పెళ్ళికి పంపిస్తావుటే? నాన్న బతికుంటే కత్తెర విసిరి కొట్టేవాడు నిన్ను!"

అనేసింది. అన్నాక విన్నది, తన గొంతు తానే.

నేను అప్పటికి ఎదురుగా నిలబడి ఉన్నాను. ఊపిరి అందట్లేదు. కానీ మాట అందింది. ఆ రోజు రాని మాట.

"షాపులో మిగిలిన పువ్వు వదినా," అన్నాను. "మిగిలినవాటికి మీసాలెవరు తీస్తారు?"

ఆవిడకి అర్థమైంది. మాట ఎక్కడిదో, ఎవరి పక్కన అన్నదో, అంతా. కళ్ళు వాల్చేసింది.

వియ్యపురాలు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. "కత్తెరేమిటి వదినగారూ? మీ నాన్నగారిది ఎగుమతులు కదా?"

వదిన కూతుర్ని చూసింది, నన్ను చూసింది, తన భుజం చూసుకుంది.

"పూలషాపు," అంది. "ఆ రేకుల షెడ్డే. నేను అక్కడే పెరిగాను. మీసాలు తీసి తీసి నా వేళ్ళు బడికి కూడా ఇటుకరంగులోనే వెళ్ళేవి."

ఇదిగో, ఈ ఘడియ కోసమే నీళ్ళు మార్చి మార్చి చామంతిని కాపాడాను. ఇప్పుడు చూడాలి వియ్యపురాలి మొహం!

ఆవిడ మొహం కాసేపు ఏమీ కాలేదు. తరవాత ఒళ్ళంతా కదిలేలా నవ్వింది.

"ఇంతేనా! మీ నాన్న లిల్లీలకే తీశారు. మా నాన్న ఊరందరికీ తీశాడు మీసాలు! స్టేషను ఎదురుగా సెలూను మాదే కదా, ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. ముందే చెప్పుంటే పెళ్ళిచూపుల్లో ఆ ఎగుమతులూ దిగుమతులూ మాట్లాడలేక నేను అంత చచ్చేదాన్ని కాదు కదమ్మా!"

జనం నవ్వారు. పెళ్ళికొడుకు నవ్వాడు. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నేను బాంబు పెడితే ఈవిడ దాన్ని మతాబులా కాల్చేసింది!

*

వియ్యపురాలు పెళ్ళివాళ్ళని ఫోటోలకి తీసుకెళ్ళింది. మల్లెతీగల పక్కన కుర్చీలో వదిన, ఆవిడ ముందు నేను. ముందు పువ్వు తీసేశాను. టేపు ముక్క తుంచి, జిగురువైపు బట్టకి అద్ది లేపాను. చర్రుమని కొంచెం ఇటుకపొడి వచ్చింది. ఇంకో ముక్క. పనితనం మాత్రం తగ్గనివ్వలేదు. కింద నుంచి పైకి, రుద్దకుండా, మామగారు నేర్పినట్టే.

"కావాలనే చేశావు," అంది వదిన.

"కావాలనే అన్నారు మీరు కూడా. ఆ రోజు మా ఆయనకి పెట్టినవి మిగిలిన పూలేనా వదినా?"

"ఇప్పుడా అది?"

"ఇప్పుడే. టేపు నా చేతిలో ఉన్నప్పుడే."

వదిన తల పక్కకి తిప్పుకుంది. చర్రు. చర్రు.

"నొక్కి చూశారుగా?"

"చూశాను." గొంతు బాగా తగ్గింది. "రాయిలా ఉంది. ఆ పూటే కోసింది. అలాంటి గులాబీలు నాన్న ఉన్నప్పుడు కూడా చూళ్ళేదు." ఆగింది. "ఏడుపొచ్చేస్తోంది. ఏడిస్తే నాన్నా, షాపూ, వాడూ నేనూ బకెట్లు మోసిన రోజులూ అన్నీ నోట్లోంచి వచ్చేస్తాయి. పక్కన వాళ్ళున్నారు. ఏదో ఒకటి అనెయ్యాలి. అనేశాను."

"అయితే తాజావే."

"తాజావే."

"గట్టిగా అనండి."

"నీకు వినపడింది కదా."

"నాకు ఆ రోజు కూడా వినపడింది. ఆ రోజు విన్నవాళ్ళు అదిగో, కేకు పక్క బల్ల దగ్గరున్నారు."

నల్లకళ్ళద్దాలు ఇవాళ తలల మీదికెక్కి కూర్చున్నాయి. వదిన ఆ బల్ల వైపు చూసింది. వియ్యపురాలి ముందు బయటపడిన మనిషే కదా, ఇంకేముందని అనుకున్నాను. పెదవులు విచ్చుకున్నాయి కూడా. మళ్ళీ మూసుకున్నాయి.

"తాజావే," అంది మళ్ళీ, నాకు మాత్రమే.

అందరి ముందు కొట్టి, చాటుగా తీసే దండం నాకెందుకు? చెవిలో చెప్పిన క్షమాపణ చెవిలో పువ్వే.

అప్పటికి గుండె మీది గీత పోయింది. భుజం మీద మచ్చ మిగిలింది, గులాబీ అంతది. నేను చుట్ట జేబులో వేసుకుని లేచి నిలబడ్డాను.

"టేపు అయిపోయింది వదినా."

ఆవిడ నా జేబు వైపు చూసింది. చుట్ట గుండ్రంగా ఉబ్బి కనపడుతోంది. పూలషాపులో పెరిగిన మనిషి, ఎంత మిగిలిందో బయటినుంచే చెప్పగలదు. అయినా టేపు అడగలేదు. పక్కనున్న గ్లాసు నీళ్ళ వైపు కూడా చూడలేదు. లేచి, ఆ మచ్చతోనే నడిచివెళ్ళి కూతురి పక్కన నిలబడింది. పిల్ల మచ్చ లేని వైపు నుంచి కౌగిలించుకుంది.

ఆ ఫోటో మేనకోడలు పెద్దది చేయించి ఇచ్చింది. షాపులో మా ఆయన ఫోటో పక్కనే తగిలించాను. పూలకొచ్చినవాళ్ళు దగ్గరికెళ్ళి చూసి, ఆవిడెవరు, భుజం మీద అదేమిటని అడుగుతారు.

"మా ఆడపడుచు," అంటాను, రోడ్డు మీదికి వినపడేలా. "ఈ షాపులోనే పెరిగింది."

టేపు చుట్ట కత్తెర పక్కనే ఉంటుంది. ఆ పట్టుబట్ట ఇంకా నీళ్ళు తాకలేదని మేనకోడలు చెప్పింది, వదిన మడతపెట్టి దాచిందట. ఆ కళ్ళద్దాల వాళ్ళని వెంటబెట్టుకుని, బట్ట పట్టుకుని వస్తే మిగతాది తీసేస్తాను. ఆవిడకి దారి తెలుసు.